కాలి కింద రేకు

మా కాక, అంటే బాబాయి, ఒక పాత లారీ నడిపిన రోజుల్లో అంటుకున్న అలవాటొకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. భయం వేస్తే కాలితో కింద తొక్కుతాను. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇటుకల లోడుతో గోదావరిఖని నుంచి మంచిర్యాలకు కాక పక్కన కూర్చుని తిరిగేవాణ్ణి. ఆ లారీ బ్రేకులు అరిగిపోయాయి. పెడలు మీద పదేపదే కొడితే గానీ ఆగేది కాదు. ఎదురుగా బర్రె కనిపిస్తే చాలు (మా రోడ్ల మీద బర్రెలకు మనకంటే హక్కులెక్కువ), నేను రెండు కాళ్లూ బిగబట్టి తొక్కేవాణ్ణి. కాక నవ్వేవాడు. "ఏందిరా గట్ల తొక్కుతవు? నీ కాలి కింద రేకున్నది, బ్రేకు లేదు."

చిన్నమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. "ముందుగాల బ్రేకులు చెయ్యించు. నువ్వు ఇంటికొచ్చేదాంక నాకు బువ్వ దిగుతలేదు" అనేది. "ఈ లోడు దించినంక సూద్దాం తియ్యి" అనేవాడు కాక. ఒక లోడు దిగేసరికి ఇంకొకటి ఎక్కేది. విసిగిపోయి ఆమె చర్చి అయ్యగారిని పిలిచింది. కొత్త బండి కొంటే ప్రార్థన చేయించి నూనె రాయించడం మా వాళ్లలో ఆనవాయితీ. పాత బండికి చేయించింది ఆమె ఒక్కతే. అయ్యగారు కాకకు నాలుగు బుద్ధి మాటలు చెబుతారని ఆమె ఆశ. కాకకు అర్థమైంది వేరు. ఆయన చక్రాలకు నూనె రాసి ఆమెన్ అనగానే, "ఇగ ఫికర్ లేదు, దేవుడే సూస్కుంటడు" అని, అయ్యగారిని చర్చి దగ్గర దింపడానికి అదే లారీలో ఎక్కించాడు.

గని గేటు ముందు రోడ్డు పల్లంగా ఉంటుంది. మేము వచ్చేసరికి మొదటి షిఫ్టు వదిలారు. టిఫిను డబ్బాలతో రోడ్డు నిండా మనుషులు. కాక పెడలు తొక్కాడు. అది కిందికి పోయి మళ్లీ పైకి రాలేదు. నేనూ తొక్కాను. అయ్యగారూ తొక్కారు (ఆయన కాలి కిందా రేకే). కాక హారన్ వదలకుండా, గనిలో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి పోసిన ఇసుక కుప్ప మీదికి లారీని తిప్పాడు. అది ముక్కు దాకా దిగబడి ఆగింది. తెల్ల చొక్కాలోంచి ఇసుక దులుపుకుంటూ అయ్యగారు అన్నారు: "ప్రార్థన నేను చేసిన. బ్రేకులు గూడ నేనే చెయ్యాల్నా?" గుమిగూడిన కార్మికులు పగలబడి నవ్వారు. కాక నవ్వలేదు. నవ్వుతున్న ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడిపోయాడు. లారీని ఇసుకలోంచి లాగించి, నేరుగా మెకానిక్ దగ్గరికి చేర్పించాడు. ఈసారి లోడే ఎదురుచూసింది.

ఆ తర్వాత కాకతో ఇంటిల్లిపాదికీ విసుగే. ఎవరు బండి మీద వచ్చినా మంచినీళ్లకంటే ముందు "బ్రేకులు సూపిచ్చినవా?" అనేవాడు. నా పెళ్లి మాటలకు వచ్చిన మామగారినీ వదల్లేదు.

గత నెల కాక పోయాడు. రోడ్డు మీద కాదు. దవాఖాన మంచం మీద, ఊపిరి అందక. చిన్నమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. శవపెట్టె ఎక్కించిన బండిలో నేను ముందు కూర్చున్నాను. గని గేటు పల్లం రాగానే నోరు ఆగలేదు. "తమ్మీ, బ్రేకులు సూపిచ్చినవా?" డ్రైవర్ నన్ను వింతగా చూసి, "మంచిగనే ఉన్నయి సార్" అన్నాడు. బండి మెత్తగా నెమ్మదించింది. అప్పటికే నా కాలు కింద తొక్కి ఉంది. తల నెరిసిన సంగతి ఆ కాలికి ఇంకా తెలియదు. వెనక నుంచి కాక నవ్వు వినబడుతుందేమోనని కాసేపు కాలు అలాగే ఉంచాను.