నలభై ఒకటి పక్కన ఖాళీ గోడ

బోర్డులాయన బ్రష్షు పట్టాడంటే గీత అటూ ఇటూ పోయేది కాదు. మందుల షాపు దగ్గర్నుంచి సైకిళ్ళ షాపు దాకా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తలుపు మీద వేలాడే పేరల్లా ఆయన రాసిందే. అందుకే ఆయన అసలు పేరు ఎప్పుడో జారిపోయి బోర్డులాయన అనే పేరే మిగిలింది.

ఆయన భార్య చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది. అయినా ఆ బోర్డుల్లో సగం పని ఆమెదే. ఆయన సుద్దతో గీసి, సన్న బ్రష్షుతో అక్షరానికి అంచు కట్టేవాడు. లోపల రంగు నింపేది ఆమె. అంచు దాటేది కాదు, చుక్క కారనిచ్చేది కాదు. "నువ్వు నింపితే అక్షరం కడుపునిండా తిన్నట్టుంటుందే," అనేవాడు. తను నింపిన మాటల్లో చాలావాటిని ఆమె కూడబలుక్కుని కూడా చదవలేకపోయేది. అది ఆమెకెప్పుడూ లోటనిపించలేదు.

ఆయనకో పట్టింపు ఉండేది. ఇంట్లోవాళ్ళని అడగందే ఎవరి గోడ మీదా చుక్క కూడా పెట్టేవాడు కాదు. పని నేర్చుకునే రోజుల్లో సబ్బుల కంపెనీ వాళ్ళు రాయమన్నారని ఒకరింటి గోడ మీద సబ్బు పేరు నిలువెత్తున రాశాడట. ఆ ఇంటి ముసలావిడ అంతకు రెండు రోజుల ముందే తన చేత్తో ఆ గోడకు సున్నం కొట్టుకుంది. బయటికొచ్చి చూసి ఒక్క మాటా అనలేదట. లోపలికెళ్ళి బకెట్టు తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచీ సున్నం కొట్టడం మొదలుపెట్టిందట. "తిట్టినా బాగుండేది," అనేవాడు ఆయన, ఆ సంగతి ఎప్పుడు చెప్పినా.

ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఒక్కో నెల బ్రష్షులు తడిసేవే కాదు. అలాంటప్పుడు పురపాలక ఆఫీసు నుంచి సర్వే ఆయన వచ్చాడు. వీధిలో ప్రతి ఇంటి గోడ మీదా ఎర్రరంగుతో ఒక అంకె వెయ్యాలి, రోడ్డు వెడల్పుకి కొలతలు తీస్తున్నాం అన్నాడు. బోర్డులాయన ఆ రాత్రే బ్రష్షులన్నీ టర్పెంటైన్‌లో నానేశాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. సర్వే ఆయన గొడుగు కింద రిజిస్టరు పట్టుకుని ముందు, నిచ్చెనతో బోర్డులాయన వెనక, రంగు డబ్బాలతో ఆమె ఆ వెనక. ప్రతి గుమ్మం దగ్గరా బోర్డులాయన ఆగి, "గోడ మీద అంకె వేస్తున్నామండీ, వెయ్యమంటారా?" అని అడిగేవాడు.

"గవర్నమెంటు పనయ్యా, అడగడమేంటి?" అన్నాడు సర్వే ఆయన.

"గవర్నమెంటు పనే సార్. గోడ మాత్రం వాళ్ళది కదా."

ఎండ నెత్తికెక్కే వేళకి తమ ఇంటి దగ్గరికొచ్చారు. తమ గోడ మీద నలభై ఒకటి వేసుకున్నారు. పక్క గది కాజాల అక్కది. వీధిలో టైలర్లందరికీ చొక్కాలకి కాజాలు కుట్టిపెట్టేది ఆవిడే. గుండీ పట్టే చీలిక చుట్టూ ఆవిడ వేసే కుట్లు చీమల బారులా ఉండేవి. మొగుడు పోయాక ఆ ఒక్క గదిలోనే సూదీ దారంతో ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది. బోర్డులాయనకి ఆవిడ వరసకి అక్క, ఆయన భార్యకి వదిన. వదినా మరదళ్ళన్నాక మాటల పోట్లు ఉండనే ఉంటాయి. ఆ నెలలోనే మరదలు రంగు డబ్బా మోస్తూ వెళ్తుంటే ఒక నీలిరంగు చుక్క కాజాల అక్క మెట్టు మీద పడింది. "మా ఇంటికి కూడా బోర్డు రాస్తున్నావా మరదలా? ఒక్క చుక్కతో ఆపేశావేం?" అని వీధంతా వినేలా అంది ఆవిడ. ఆ మాట ఈమెకి గుచ్చుకునే ఉంది.

ఆ రోజు కాజాల అక్క గదికి తాళం ఉంది. చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంటే చూసుకోవడానికి వెళ్ళింది.

"ఇందులో మనుషులున్నారా?" అన్నాడు సర్వే ఆయన.

"ఉన్నారు సార్, మా అక్కే. ఊరెళ్ళింది, వారంలో వచ్చేస్తుంది," అన్నాడు బోర్డులాయన.

"అయితే వేసెయ్. నలభై రెండు."

బోర్డులాయన నిచ్చెన ఆనించాడు. సుద్ద తీశాడు. తీసి, తాళం వైపు చూశాడు. అక్కే కదా, ఏమంటుందిలే అనుకుంటున్నట్టు ఆయన మొహంలోనే కనపడింది. వెయ్యడానికే చెయ్యెత్తాడు కూడా.

"ఆగండి," అంది ఆమె. "చుక్క పడితేనే వీధికెక్కిన మనిషి. అడక్కుండా గోడంతా ఎరుపు చేస్తే ఊరుకుంటుందా? మొన్ననే సున్నం వేయించుకుంది. వచ్చాక అడిగి వేద్దురుగాని."

అన్నదానిలో సగం ఆయన పట్టింపే. మిగతా సగం ఎండ, కాళ్ళ నొప్పులు, మనసులో నానుతున్న ఆ చుక్క. ఆయనకి ఆ సగం వినపడలేదు. చెయ్యి దించేశాడు.

"మీ ఇష్టం," అన్నాడు సర్వే ఆయన. పక్కింటికెళ్ళి నలభై రెండు అక్కడ వేయించాడు.

ఆ అంకెలు రోడ్డు వెడల్పు కోసం కాదని ఇరవై రోజులకి తెలిసింది. వీధి మొత్తం పడగొట్టి నాలుగంతస్తుల మేడలు కడతారట. గోడ మీద అంకె ఉన్న ప్రతి ఇంటికీ అందులో ఒక ఫ్లాటు ఇస్తారట. ఆ వీధిలో ఎవరి దగ్గరా హక్కు కాగితాలు లేవు. ఉన్న ఆధారమల్లా ఆ ఎర్ర అంకే. వారంలో వస్తుందన్న కాజాల అక్క అంతకు ముందు రోజే తిరిగొచ్చింది. ఆఫీసు గోడకి అంటించిన జాబితాలో బోర్డులాయన వేలు పెట్టి చూశాడు. నలభై ఒకటి తన పేరు, నలభై రెండు పక్కింటివాళ్ళ పేరు. మధ్యలో వరసే లేదు. అంకె లేదు కాబట్టి, తాళం వేసిన గదిని ఖాళీ గదిగా లెక్కేసి వదిలేశారు.

ఆయన ఇంటికొచ్చి నేరుగా ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "నీ గోడ మీద నేనే వెయ్యలేదక్కా. నిన్ను అడిగి వేద్దామనుకున్నాను," అన్నాడు.

ఆమె తమ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఇంకో మాట అంటాడని చూసింది. అనలేదు. తనే నోరు తెరుద్దామనుకుంది. ఆవిడ మొహం చూసి తెరవలేకపోయింది. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ రేపు రాలేదు. బోర్డులాయన ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగాడు. ఒక పొద్దున్న ఆవిడని అడిగి మరీ, ఆ గోడ మీద నలభై ఒకటి బై ఒకటి అని వేశాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఏ బోర్డూ రాయలేదు. లోపల రంగు ఆమే నింపింది. మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి గోడ దగ్గరగా మొహం పెట్టి, "ఇంకా రంగు వాసన పోలేదయ్యా," అని వెళ్ళిపోయాడు.

"మా ఫ్లాటులోనే ఉందువుగాని రా అక్కా," అన్నాడు బోర్డులాయన.

"రెండు గదుల్లో ముగ్గురమా? ఒక కాజాలోకి మూడు గుండీలు పట్టవు తమ్ముడూ," అంది ఆవిడ. నవ్వుతూ అనలేదు.

రైలు పట్టాల అవతల, కలప డిపో వెనక ఒక రేకుల గది అద్దెకి తీసుకుంది. బస్సులో గంట దూరం. వెళ్ళేరోజు కుట్టు పెట్టె తనే మోసుకుంది, బోర్డులాయన పట్టుకోబోతే ఇవ్వలేదు. వారానికి ఇళ్ళు పడగొట్టే యంత్రం వచ్చింది. ముందు ఖాళీ చేసిన గది కాబట్టి ముందు దాన్నే పడగొట్టింది. ఎర్రరంగు పెచ్చులు ఇటుకల మధ్య రెండు రోజులు కనపడ్డాయి.

కట్టడం పూర్తయ్యాక కొత్త మేడలో వాళ్ళకి మూడో అంతస్తులో ఫ్లాటు వచ్చింది. గోడలు నున్నగా ఉన్నాయి, కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి. తలుపు మీద అంకె మాత్రం ప్లాస్టిక్‌ది, జిగురుతో అంటించినది. బోర్డులాయన దాని వంక చూసేవాడు కాదు. కింద దుకాణాలకి రంగురంగుల లైట్ల బోర్డులు వచ్చాయి. ఎవరింట్లో ఎవరున్నారో తెలియని మెట్లు ఎక్కుతూ దిగుతూ మూడేళ్ళు గడిచాయి. నెలకోసారి ఆయన పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి వచ్చేవాడు. ఎక్కడికని ఆమె అడిగితే, పాత గిరాకీల దగ్గరికి, పనేమైనా ఉందేమోనని, అనేవాడు. పని దొరికిందని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఛాతీలో నొప్పని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

టైలర్ల ద్వారా కబురు తెలిసి కాజాల అక్క మర్నాడు వచ్చింది. వంగిపోయింది. మెట్లెక్కేసరికి ఆయాసపడింది. అరగంట కూర్చుంది. వెళ్తూ, "నన్ను తిట్టుకుంటూనే పోయుంటాడు," అంది.

ఆ మాట ఆమెకి అర్థం కాలేదు. తిట్టుకోవడమెందుకు? తిట్టాల్సింది ఆవిడ కదా. రెండు నెలలు అదే మాట చెవిలో తిరిగింది. ఒక రోజు వంట ముగించి, తలుపు తాళం వేసి, బస్సెక్కింది.

రేకుల గది చీకటిగా ఉంది. కాజాల అక్క గుమ్మంలో వెలుతురుకి కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. ఇప్పుడు కాజాలు మిషన్లే వేస్తున్నాయి. పాతకాలపు మనిషి ఒక టైలరు మాత్రం ఇంకా నాలుగు చొక్కాలు పంపుతున్నాడు.

"ఏం మరదలా, దారి తప్పావా?" అంది ఆవిడ.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "వదినా, ఆ రోజు ఆయన నీ గోడ మీద వెయ్యబోయారు. సుద్ద కూడా ఎత్తారు. నేనే ఆపాను. వచ్చాక అడిగి వేద్దురుగాని అన్నాను. నువ్వు మెట్టు మీద చుక్క గురించి అన్నావు చూడు, అది మనసులో పెట్టుకుని అన్నాను."

కాజాల అక్క దారం కొస నోట్లో తడుపుకుంది. సూది దగ్గరికి తెచ్చింది. ఎక్కలేదు. మళ్ళీ తెచ్చింది.

"అడక్కుండా వేసుంటే వచ్చి తిట్టేదాన్నే," అంది చివరికి. "అది నిజమే." సూది దించి, "మరి వాడు ఒక్కసారీ చెప్పలేదేం?" అంది.

"ఎప్పుడు చెబుతారు? మీరిద్దరూ మళ్ళీ కలవలేదు కదా."

"నెలనెలా వచ్చేవాడు కదే."

ఆమె ఆ గుమ్మం పక్కన అలాగే కూలబడింది.

"వచ్చి ఇదిగో, ఇక్కడే నిలబడేవాడు," అంది కాజాల అక్క, గుమ్మం ముందు మట్టి నేల చూపిస్తూ. "టైలర్లకి నీ గది దొరకట్లేదంట, గోడ మీద పెద్దగా రాసిపెడతానక్కా, రాయమంటావా అనేవాడు. వద్దనేదాన్ని. ఉన్న గోడ మీద వెయ్యని వాడివి అద్దె గోడ మీద వేస్తావా అనేదాన్ని. సరేనక్కా అని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ నెలకి వచ్చేవాడు. మూడేళ్ళలో లోపలికి రమ్మనలేదు. ఎండలో వచ్చిన మనిషికి గ్లాసుడు నీళ్ళివ్వలేదు." ఆవిడ సూది ఒళ్ళో పెట్టేసుకుంది. "ముందే ఎందుకు చెప్పలేదే నువ్వు?"

రేపు చెబుదామనుకున్నానని ఎలా చెబుతుంది.

ఆమె వదిన ఒళ్ళోంచి సూది తీసుకుని దారం ఎక్కించింది. డబ్బాలో ఉన్న మిగతా సూదులు కూడా తీసింది. ఒక్కోదానికీ దారం ఎక్కించి, గుడ్డముక్కకి వరసగా గుచ్చింది. పన్నెండు సూదులయ్యాయి.

"ఇప్పుడైతే గోడ మీద రాయించుకునేదాన్ని," అంది కాజాల అక్క. "నీకొచ్చా రాయడం?"

"గీత గియ్యడం రాదు వదినా. ఆయన గీస్తే లోపల నింపడమే."

ఆవిడ తలాడించింది. గోడ పట్టుకుని లేచింది. లోపల కుండ మీద మూత తీసిన చప్పుడైంది. స్టీలు గ్లాసులో నీళ్ళు ముంచి తెచ్చింది, తొణికి సగం చెయ్యి తడిసింది. "లోపలికొచ్చి తాగు. గుమ్మంలో వద్దు," అంది.

ఆమె లోపలికెళ్ళింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఒక గుక్క మింగింది. మిగతావి గ్లాసులోనే ఉంచింది. కాజాల అక్క గ్లాసు వెనక్కి తీసుకోలేదు. బస్సు వేళ దాటేదాకా ఆమె అలాగే పట్టుకుని కూర్చుంది.