యిర్మియా మూసిన కండ్లు

యిర్మియా కార్ల పక్కన కూసొని కునుకు తీస్తడని సెంటినరీ కాలనీల పుకారు. ఉత్త అబద్ధం. ముప్పయ్యేండ్లు బొగ్గుబాయిల కరెంటు పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇంటికాడ కార్ల వైరింగు బాగుచేసే మనిషాయె. మొన్న ముసురు వానల ఉపేందర్ కారు తెచ్చిండు. దిగిన అద్దం ఒకసారి ఎక్కుతది, ఒకసారి ఎక్కది. "బాలెంతను, పసిగుడ్డును దవాఖాన నుంచి ఈ వానల ఎట్ల తేవాలె కాకా?" అని మొత్తుకున్నడు.

"అద్దం బటన్ ఒత్తి పట్టుకోరా," అన్నడు యిర్మియా. తలుపు సందుల తీగలు పోయే రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతోని పట్టి, కండ్లు మూసుకొని, తలుపును మెల్లగ తెరుసుడు, మూసుడు. ఒక్కకాడ వేళ్లు ఆగినయి. గొట్టం లోపల తెగిన తీగ అతికించంగనే అద్దం సర్రున ఎక్కింది. ఉపేందర్ "అమ్మయ్య" అనుకుంట దవాఖానకు ఉరికిండు. పక్కింటి అరుగు మీద కూసొని ఇదంత చూసిన నేను "కండ్లెందుకు మూస్తవ్ తమ్మీ?" అని ఆఖరికి అడిగేసిన.

"బాయిల లైటు పోయిన్నాడు గిట్లనే దేవులాడెటోన్నక్కా. చూసుకుంట పట్టుకుంటె నా చేతులకు తెల్వది."