నర్సింలు ముందురోజే చూసొచ్చిన లోయ

“అక్కడ దారి తప్పితే ఏం చేస్తాం? ఫోన్‌కి సిగ్నల్ కూడా ఉండదు. పాపకి ఎండదెబ్బ తగిలితే?”

నా మూడు ప్రశ్నలకీ నర్సింలు ఒకటే జవాబు చెప్పాడు. “నిన్ననే పోయి సూసొచ్చిన సార్. ఏం గాదు.”

రియాద్‌లో, మలాజ్‌లో మేముండే బిల్డింగ్‌కి కుళాయిలూ ఏసీలూ బాగుచేసేది నర్సింలే. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదటి పదేళ్లు తనకి వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే పనిచేశాడు. ఆ పెద్దాయనకి కుందేళ్ల వేట సరదా. వేటకి ముందురోజు నర్సింలు ఒక్కడే ఎడారిలోకి వెళ్లి ఏ దారి తెరిచి ఉందో, ఎవరి కంచె అడ్డొస్తుందో, జంతువులు ఎటు తిరుగుతున్నాయో చూసి రావాలి. ఆయన వేట మానేసి చాలా ఏళ్లయింది. నర్సింలుకి మాత్రం ఆ అలవాటు పోలేదు.

ఇదంతా నాకు చెప్పింది మా ఆరేళ్ల భవిత. సింక్ కింద పడుకుని పైపు బిగిస్తూ అతను చెప్పిన కథలన్నీ దానికి కంఠతా వచ్చు. నా కథలకి మధ్యలోనే నిద్రపోతుంది.

కొండమేకని చూపిస్తానని దానికి మాటిచ్చింది నేను. జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాణ్ణి. శాటిలైట్ మ్యాప్‌లో దక్షిణాన ఒక లోయ వెతికి, అది రక్షిత ప్రాంతం కాదని, ఎవరి సొంతమూ కాదని రూఢి చేసుకుని ఒక శుక్రవారం సెలవునాడు తీసుకెళ్లాను. మ్యాప్‌లోని దారి ఖర్జూర తోట గేటు దగ్గర ఆగిపోయింది. కాపలా ఉన్న జమాలుద్దీన్ చెయ్యి ఊపి వెళ్లిపొమ్మన్నాడు. వెనక్కొస్తూ భవిత అంది, “నర్సింలు మామకైతే తెలిసేది.”

ఇష్టం లేకుండానే తర్వాతి వారం అతన్ని మాతో రమ్మని పిలిచాను.

ఈసారి జమాలుద్దీన్ లేచి ఎదురొచ్చాడు. “ఆవో నర్సింలు భాయ్. సాబ్ కో భీ లాయే?” అంటూ నా వైపు చూశాడు. ముందురోజు వాళ్లిద్దరూ చాయ్ తాగారట. తోట గోడ బయటి నుంచి బండిదారి ఉందని అప్పుడు చెప్పాడట. పోయినవారం నేను గేటు తీయమన్నానే గాని, వేరే దారుందా అని అడగలేదు.

లోయలో నడుస్తూ ఆ సున్నపురాయి వయసు పదహారు కోట్ల ఏళ్లని చెప్పాను. భవిత వినలేదు. నర్సింలు ఒక కొండమేక పెంటికను వేళ్లతో చిదిమి, “ఇయ్యాల పొద్దుగాలది,” అన్నాడు. భవిత కూడా ఒకటి చిదిమి, అతని వెనకే నడిచింది. వాళ్ల వెనక నేను, శానిటైజర్ పట్టుకుని.

గాలి ఎదురుగా వచ్చేలా ఒక బండ చాటున కూర్చున్నాం. చాలాసేపటికి నర్సింలు నా మోచెయ్యి తట్టి, భవితకి వినపడకుండా అన్నాడు, “నల్ల బండ మీద, ఎడమ దిక్కు. కొమ్ములు కనవడుతున్నయా? పాపకి నువ్వే సూపియ్యి సార్.”

“చూసింది నువ్వుగా. నువ్వే చెప్పు,” అని గుసగుసగానే అన్నాను. నా ఉక్రోషం నాకే వినిపించింది.

“నా బిడ్డ స్వర్ణకి నెమలిని మా తమ్ముడు సూపిచ్చిండు. ఈత గూడ తమ్ముడే నేర్పిండు. నేను ఫోన్ల ఇన్న. ఛుట్టీకి ఇంటికి పోతే నా బిడ్డ ఆని పక్కన్నే కూసుంటది. ఇప్పటికీ కడుపు మండుతది సార్. నువ్వే సూపియ్యి, అది పోతది మల్ల.”

భవిత తల పట్టుకుని మెల్లగా నల్ల బండ వైపు తిప్పాను. పాప ఊపిరి బిగబట్టింది. కొండమేక వెళ్లిపోయాక అడిగింది, “నీకెలా కనిపించింది నాన్నా?”

నేను నర్సింలు వైపు చూడలేదు. నిజమూ చెప్పలేదు.

కారు ఎక్కేటప్పుడు అతన్ని అడిగాను, ఇలాంటి చోట్లు నాకూ తెలియాలంటే ఎలా అని. ఇప్పుడు పార్కైనా మ్యూజియమైనా గురువారం నేనొక్కణ్ణే వెళ్లి, కాపలా మనిషితో చాయ్ తాగి వస్తున్నాను. ఆ రోజు అతను చెప్పింది ఇంతే:

“బిడ్డని తీస్కపోయే ముందురోజు ఒక్కనివే పోయి సూసిరా సార్. గేటు కాడ మనిషుంటే దిగి చాయ్ తాగు. తొందరవడి తోవ అడగకు. ఆయినే జెప్తడు.”