ఓడినవాళ్లు దిగే మెట్లు

కన్నవాళ్లు ఆవిడకి పెట్టిన పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆసుపత్రిలో నర్సుగా పిల్లలకు టీకాలు వేసీ వేసీ సూదులత్త అయిపోయింది. అన్నం తినని పిల్లల్ని తల్లులు "పిలవనా సూదులత్తని?" అని బెదిరించేవారు. ఆవిడ ఎదురుపడితే చాలు, పిల్లలు పరుగో పరుగు. పైకి నవ్వేసేది గానీ లోపల ఎంత నొచ్చుకునేదో! ఒక్క పిల్లయినా తనంతట తాను తన దగ్గరకు రావాలని ఆవిడ ఆశ. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

అందుకే బడిలో స్పెల్లింగ్ పోటీకి సాయం కావాలనగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది. తెల్లచీర మానేసి పూలచీర కట్టుకుని మరీ వెళ్లింది. వేదిక మెట్ల దగ్గర నిలబడి, వంతు వచ్చిన పిల్లల్ని మైకు ముందుకు పంపాలి. పని తేలికే. కానీ అలవాటు ఊరుకుంటుందా? మొదటి పిల్లాడు రాగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"రా నాన్నా, భయం లేదు. ఒక్క నిమిషంలో అయిపోతుంది."

ఇంకేముంది! వాడి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. కళ్లు గట్టిగా మూసుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వాడి వెనకున్నవాళ్లు గోడ దాకా జరిగిపోయారు. హాలంతా ఒకటే నవ్వు.

హెడ్ మిస్ట్రెస్ పరుగున వచ్చింది. "అమ్మా, తల్లీ! మీరు పంపితే వీళ్లకు వచ్చిన మాటలు కూడా ఎగిరిపోతాయి. ఏమనుకోకుండా అటు కూర్చోండి. ఓడినవాళ్లు దిగే మెట్లవి, అక్కడ పనేం ఉండదు."

ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్లి ఆ మూల బెంచీ మీద కూర్చుంది. పనిగట్టుకుని వచ్చి పరువు పోగొట్టుకున్నానని తనను తానే తిట్టుకుంది.

కాసేపటికి ఎదురింటి రెండు జడల పిల్ల మైకు ముందుకొచ్చింది. సూదులత్త కనిపిస్తే గేటు వెనక నక్కే పిల్ల ఇదే. పాపం, ఒక అక్షరం తప్పింది. గంట మోగింది. ముందు వరసలో ఉన్న తల్లి, ఏడవకు, అందరూ చూస్తున్నారని కళ్లతోనే గదమాయించింది. పిల్ల పెదవులు బిగబట్టి మెట్లు దిగి, ఎదురుగా సూదులత్తను చూసి ఆగిపోయింది.

ఇక పారిపోతుందనే అనుకుంది సూదులత్త. తల కూడా దించేసుకుంది. పిల్ల మాత్రం తిన్నగా వచ్చి, ఆవిడ ఒళ్లో మొహం పెట్టి భోరుమంది.

ఆవిడ గబగబా తన సంచీలోంచి దూది తీసి పిల్ల కళ్లు తుడిచింది. తర్వాత ఓడినవాళ్లందరూ అక్కడికే చేరారు. బెంచీ చాలక కింద కూర్చుని మరీ ఏడ్చారు.

తల్లి ఉడుక్కుంటూ వచ్చింది. "ఏమే, నా దగ్గరకు రాకుండా ఇక్కడ కూర్చున్నావేంటి?"

పిల్ల ముక్కు ఎగబీల్చింది. "నువ్వు ఏడవద్దంటావు. సూదులత్త దగ్గర ఎంత ఏడ్చినా ఏమీ అనదు."

సూదులత్త సంతోషం పట్టలేకపోయింది. పిల్ల వీపు నిమురుతూ "భయం లేదు" అనబోయి, చటుక్కున నోరు మూసుకుంది.