మోతీ పళ్ళు, నాన్న పన్ను

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఇందులో ప్రతి అక్షరం నిజమని బన్సీలాల్‌పేట్ మెట్లబావి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ రోజుల్లో ఆ బావి నిండా చెత్తే ఉండేది కనుక దాని మీద ఒట్టేస్తే ఎవరూ ఖాతరు చేసేవారు కాదు. ఇప్పుడు బాగుచేసి నీళ్ళు కనపడేట్టు చేశారు కాబట్టి ఒట్టు చెల్లుతుంది. నేనేం చెప్పినా సగానికి సగం తగ్గించి వినే మా ఆవిడ కూడా ఈ ఒక్కసారికి మొత్తం వినాలని మనవి.

ఇంత కాలానికి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పద్మారావు నగర్‌లో మా మూడో అంతస్తు ఫ్లాటులో, నాలుగు నెలల కుక్కపిల్ల సోఫా కాలు కొరుకుతుంటే దాని పక్కన నేల మీద కూలబడి ఉన్నాను. ముచ్చటపడి తెచ్చింది మా అమ్మాయి. తెచ్చి, నాకప్పగించి, కాలేజీకి వెళ్ళిపోయింది. పొద్దుట్నుంచి నా కళ్ళద్దాల డబ్బా, టీవీ రిమోటు, ఒక చెప్పు అయిపోయాయి. అరుద్దామన్నా ఓపిక లేదు. యాభై దాటిన నడుం ఒకసారి నేలకి వంగితే, మళ్ళీ లేవడానికి దానికి అర్జీ పెట్టుకోవాలి.

మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి బన్సీలాల్‌పేట్‌లో ఒక కాంపౌండులో అద్దెకుండేవారు. ఐదు కుటుంబాలు, ఒక నల్లా, ఒక జామచెట్టు. నాకు తొమ్మిదేళ్ళు. ఒక వానాకాలం కట్టెల అడితి వెనక నుంచి ఒక కుక్కపిల్ల నా వెనకాలే వచ్చేసింది. దానికి మోతీ అని పేరు పెట్టింది మా పక్కింటి పెద్దమ్మ. ఆవిడ మాకు చుట్టమేం కాదు, తరతరాలుగా ఆ పేటలోనే ఉన్న ఇంటి మనిషి. కూతురు ఉద్యోగానికి వెళితే మనవణ్ణి రోజంతా చంకన వేసుకుని తిరిగేది.

కాంపౌండులో ఎవరైనా చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. ఐదు గుమ్మాలు, ఐదు వరసలు. పెళ్ళిభోజనాలకి విస్తళ్ళు వేసినట్టు ఉండేది మోతీకి. అందులోనూ దానికి ఎడమకాలి చెప్పులే ఇష్టం. కుడిది వాసన కూడా చూసేది కాదు. నెల తిరిగేసరికి పధ్నాలుగు ఎడమ చెప్పులు తినేసింది. మిగిలిపోయిన కుడి చెప్పుల్ని ఆడవాళ్ళు పారెయ్యలేక, దిష్టికైనా పనికొస్తాయని జామచెట్టుకి కట్టేవారు. ఆ ఏడు మా చెట్టుకి కాయల కన్నా చెప్పులే ఎక్కువ.

అసలు తప్పు మా చెల్లెలిది. మోతీ మొదటిసారి నాన్న పాత చెప్పు కొరికినప్పుడు, ఎలాగూ తెగిపోయింది కదా, ఆడుకోనీ అని ఆ పిల్ల దాన్ని మోతీకే ఇచ్చేసింది. మా ఇళ్ళల్లో అంతే, పాడైన వస్తువుని పారెయ్యడానికి చెయ్యి రాదు, ఎవరికో ఒకరికి ఇస్తాం. పాత చెప్పు తనదీ, కొత్త చెప్పు నాన్నదీ అని కుక్కపిల్లకి ఎలా తెలుస్తుంది? నాన్న దాన్ని చెప్పుతోనే కొట్టబోయేవారు. ఆయన చెప్పెత్తితే తనకివ్వడానికే అనుకుని, తోకాడించుకుంటూ వచ్చి రెండో చివర పట్టుకునేది.

ఇంకొక్క చెప్పు పోతే దాన్ని తిరిగి రాలేనంత దూరం, కార్ఖానా బస్తీ అవతల వదిలేసి వస్తానని చివరికి నాన్న తేల్చి చెప్పేశారు. ఆ వారమే ఆయనకి దవడపన్ను సలుపు మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఆ భయం బయటపడకుండా నోట్లో లవంగం పెట్టుకుని, ఉప్పెక్కువైందని అమ్మ మీద, ఎక్కాలు రాలేదని నా మీద, వార్తలు బాగా లేవని రేడియో మీద అరిచేవారు. నేను మాత్రం ప్రతి పూటా బడి నుంచి పరిగెత్తుకొచ్చి ముందు చెప్పులు చూసుకునేవాణ్ణి, తర్వాత మోతీని.

ఆ ఆదివారం పొద్దున నాన్న కొత్త చెప్పు రెండు ముక్కలై గుమ్మం ముందు పడి ఉంది. ఎడమదే. నాన్న ఈసారి అరవలేదు. లోపలికి వెళ్ళి గోనెసంచి తెచ్చారు. నేను జామచెట్టు కింద నిలబడిపోయాను. వద్దు నాన్నా అందామంటే నోరు రాలేదు. మోతీ ఆ సంచి కూడా తనకే తెచ్చారనుకుని దాని అంచు కొరకడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది పెద్దమ్మ. మనవడికి పళ్ళొస్తున్నాయి. వారం నుంచి వాడు ఏడుస్తుంటే ఆవిడకి కంటి మీద కునుకు లేదు, కళ్ళు గుంటలు పడిపోయాయి. పిల్లాణ్ణి భుజం మార్చుకుని, వంగి, చెప్పు ముక్క తీసుకుని చూసింది. దాని పట్టీలో ఇరుక్కున్న దేన్నో గోటితో తీసి నాన్న అరచేతిలో పెట్టింది. బియ్యపు గింజంత పన్ను. మొదలు దగ్గర కాస్త నెత్తురు.

"పాలపండ్లు ఊడుతున్నయ్ తమ్మీ దీనికి. నీకు ఒక్క పన్ను నొస్తేనే నాల్గు దినాల సంది ఇల్లంత కరుస్తున్నవ్. దీనికి నోరంత నొస్తున్నది. నిన్నెవ్వలన్న సంచిల వేసిన్రా?"

మా వంటింట్లో ఏదో గిన్నె పడింది. నవ్వాపుకోలేక అమ్మ పడేసిందని తర్వాత తెలిసింది. నాన్న ఆ పన్నుని వెలుతురులోకి ఎత్తి చూశారు. తన వాచిన దవడ తడుముకున్నారు. తర్వాత లవంగం బుగ్గన పెట్టుకుని అడిగారు.

"మరేం చెయ్యమంటారక్కా?"

"గుంజుకుంటే ఇంకోటి వట్టుకుంటది. గుంజుకునుడు బంద్ వెట్టి, చల్లగ వేరేదియ్యి."

మొదట పెద్దమ్మ చెప్పులన్నీ కిటికీల మీదికి ఎక్కించింది. పాత నూలుచీర చింపి, మెలిపెట్టి, మూడు ముళ్ళు వేసి, నీడలో పెట్టిన చిన్న కుండలో నానేసింది. మనవడికొక తెల్లగుడ్డ, మోతీకొక నీలిగుడ్డ. మోతీ దేన్నయినా కొరుకుతుంటే నోట్లోంచి లాగకూడదు. తడిగుడ్డ ముక్కు దగ్గర పెట్టాలి, తనంతట తాను పాతది వదిలితే తల నిమరాలి. గుడ్డకి దారాలు లేస్తే వెంటనే మార్చాలి, మింగితే కడుపులో చుట్టుకుంటాయి. ఇంతే విద్య. ఇందులో మంత్రం లేదు, రోజుకి ఇరవైసార్లు చెయ్యడమే ఉంది. సాయంత్రానికి నాన్న లవంగం నములుతూ అరుగు మీద, మోతీ నీలిగుడ్డ నములుతూ ఆయన కాళ్ళ దగ్గర. మర్నాడు ఆయన ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి పన్ను పీకించుకొచ్చారు.

మోతీ పళ్ళ బాధ తీరడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మేం బడికీ ఆఫీసుకీ పోయాక గుడ్డ తడిపింది పెద్దమ్మే. ఒకరోజు ఆవలిస్తూ గుడ్డ పిండుతుంటే, విసుగు రాదా పెద్దమ్మా అని అడిగాను.

"ఇసుగొస్తది బిడ్డా. గుడ్డ సుత ఎండుతది. రెండూ అయితయ్."

అని, మళ్ళీ కుండలో ముంచింది. ఆ మాటా, ఆ పన్ను మాటా ఇంత కాలం నా వెంటే ఉన్నాయి. నా మీద ఎవరైనా ఇంతెత్తున లేస్తే, పాపం ఈ మనిషికి ఏ పన్ను సలుపుతోందో అని ముందు అదే చూస్తాను. ఇందాక మా అమ్మాయి కుక్కపిల్లకీ నా పాత తువ్వాలుకి మూడు ముళ్ళు వేసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇచ్చాను. సోఫా కాలు వదిలింది.

ఇక ఒట్టు సంగతి. బావి శుభ్రమైంది కనుక నేనూ కాస్త శుభ్రపడాలి. మీరు నమ్మనివన్నీ నిజం. పధ్నాలుగు ఎడమ చెప్పులూ నిజమే, చెప్పులు కాసిన జామచెట్టూ నిజమే. మీరు మారుమాటాడకుండా నమ్మిందొక్కటే నేను కల్పించింది.

నాకు చెల్లెలు లేదు.

మోతీకి ఆ పాత చెప్పు ఇచ్చింది నేనే. నాన్న సంచి తెచ్చినప్పుడు చెట్టు కింద నాకు నోరు రానిది అందుకే. పెద్దమ్మకి తెలుసు. నేను చెప్పు ఇస్తుంటే ఆ రోజు నల్లా దగ్గర నిలబడి చూసింది. ఆ ఆదివారం నా పేరెత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. సాయంత్రం నాన్న లోపలికి వెళ్ళాక నీలిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే చూస్కో" అంది, అంతే. చల్లగా, బరువుగా ఉంది. నా నోట్లోంచి కూడా ఆవిడ ఏదీ లాక్కోలేదు.

కుక్కపిల్ల నా వంక చూస్తోంది. తువ్వాలు ఎండిపోయినట్టుంది. లేవాలి.