తెర మీద మా ఇల్లు

పోయినేడు నా పీహెచ్‌డీ వైవా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చన్నరని జూలూరుపాడు అవతలి అడవి పల్లె నుంచి మా నాయినను రమ్మన్న. ఆ రోజు సార్లకు భోజనం పెట్టేది మేమే కాబట్టి ఆయన నాటుకోడి కూర వండించుకొని వచ్చిండు.

నా పరిశోధన మా ఊరి సోలార్ కరెంటు మీదనే. మబ్బు పట్టిన రోజు ఏ ఇంటికి ఎంత ఇయ్యాల్నో కంప్యూటరే లెక్కగట్టి పంచే పద్ధతి. తెర మీద మా ఇల్లు చూపిస్తుంటే, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఇంగ్లీషుల అడ్డం తగిలిండు.

"ఈ గుడిసెల ఉన్నయే రెండు బల్బులు. వాటికి ఇంత గణితమా? వీళ్లకు చీకటి అలవాటే కదా!"

హాలంతా గొల్లున నవ్వింది. మా గైడు కూడా నవ్విండు. ఇంగ్లీషు రాని మా నాయిన, తెర మీద తన ఇల్లు చూసుకుంట అందరికంటే గట్టిగ నవ్విండు.

భోజనాల కాడ ఆ సారుకే లెగ్ పీసులు ఏరి ఏరి వేసిండు. తర్వాత నన్ను పక్కకు పిలిచిండు.

"మన ఇల్లు జూసి సారు ఏందో అన్నడు గద బిడ్డా, ఏమన్నడు?"

"మంచిగుందన్నడు నాయినా."

పీహెచ్‌డీ పట్టా వచ్చింది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నాయిన మొదలు ఆ సారు మన ఇల్లు మంచిగుందన్న ముచ్చటే చెప్తడు. సాక్ష్యానికి నన్ను పిలుస్తడు. నేను అవ్ అంట.

– ఒక పాఠకురాలు, జూలూరుపాడు