మిరపకాయల కొట్టంలో పడవ

పడవ కొనాలనుకునేవాళ్ళు దాని ధర అడుగుతారు. కొన్నాక ఏడాదికి అది ఎంత తింటుందో అడగరు. మా ఇంట్లో ఆ సంగతి తెలిసేసరికి వాగవతలి మూడెకరాలు చేజారబోయాయి. ఇంకొకరు అలా అవస్థ పడకూడదని, గుర్తున్నంతవరకు రాసి పెడుతున్నాను.

ఎనభైల మొదట్లో మాట. పర్చూరు దగ్గర పల్లె మాది. మా పత్తి చేను వాగుకి అవతల ఉండేది. వాగు పారితే కూలీలు దాటే దారి లేదు. అందుకని మా మామగారు సముద్రం వైపు ఊళ్ళలో ఒక పాత చెక్క పడవ కొని ఎడ్లబండి మీద తెచ్చారు.

వాగు ఎండగానే దాన్ని మిరపకాయల కొట్టంలోకి చేర్చేవారు. మా వైపు దాచడమంటే తడి తగలకుండా దాచడమే. పత్తికైనా, మిరపకైనా, పొగాకుకైనా చెమ్మే శత్రువు. పడవనీ అలాగే చూశారు. కింద ఇటుకలు, పైన గోనెపట్టాలు. కొట్టం పడవకి పోయింది కాబట్టి కాయలు బయట ఉండేవి. ఒక వేసవిలో అకాల వానకి తడిసి, రంగుపోయి, అయినకాడికి అమ్ముకున్నాం. పలకల సందుల్లో కూరే గుగ్గిలం, నూనె, వడ్రంగి కూలి, ఇవన్నీ అందరూ లెక్కేసేవారు. ఆ కాయల నష్టాన్ని పడవ ఖర్చులో ఎవరూ కలపలేదు.

ఇంత చేసినా, తొలకరికి బయటికి తీస్తే పలకల మధ్య గోరు పట్టేంత సందులు.

"మీ పడవ ఉన్నంతకాలం నాకు పనికి లోటు లేదండీ పెద్దాయనా" అని వడ్రంగి నవ్వేవాడు.

"చుక్క నీళ్ళు తగలనివ్వలేదు కదరా, ఎందుకు విచ్చుకుంటుంది?" అనేవారు మామగారు.

కొన్నేళ్ళు ఇలా గడిచాక, ఒక తొలకరికి ఆయనకి విసుగొచ్చింది. "పడవా వద్దు, చేనూ వద్దు. బేరం వచ్చింది, ఇచ్చేద్దాం" అన్నారు. అలాగైతే చీమకుర్తి రాళ్ళ క్వారీలో పని చూసుకుంటానని మా ఆయన అన్నారు. ఇవతల మిగిలే ఎకరంతో ఇల్లు గడవదు మరి. నాకు అన్నం సహించలేదు.

నేను ఎనిమిదితో బడి మానేశాను. ఆపై చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. అక్కడి బీరువాలన్నీ వరసగా చదివానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ రోజుల్లోనే తీరప్రాంతపు చేతిపనుల మీద అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. చెక్క ఎండితే పలకలు కుంచించుకుపోతాయని, నానితే ఉబ్బి సందులు మూసుకుంటాయని, పనిలేనప్పుడు పడవని నీళ్ళలో ముంచి ఉంచుతారని అందులో ఉంది.

"మామయ్యగారూ, పడవని కుంటలో ముంచేద్దామండీ."

"ముంచడానికా తల్లీ ఇన్నేళ్ళు మేపింది?"

"పుస్తకాలు చదివితే పడవలు తేలాలి గానీ మునగడమేంటి?" అన్నారు మా ఆయన.

మామగారు ఆ పేజీ నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. వాగు వచ్చేదాకా ఆగమని బేరగాడికి కబురు పంపారు. తొలకరి నీళ్ళు చేరిన గేదెల కుంటలో, రాళ్ళు వేసి పడవని ముంచాం.

"ఏవోయ్, మీ కోడలు పడవకి ఈత నేర్పుతోందా?" అన్నాడొకాయన గట్టు మీంచి.

"నేర్చుకునేదాకా నీ గేదెల్ని ఇటు తోలకు" అన్నారు మామగారు.

వాగు వచ్చింది. పడవని లేపి, నీళ్ళు తోడి, కలుపు కూలీలని ఎక్కించుకుని మామగారే గెడ వేశారు. నేనూ మా ఆయనా ఒడ్డున నిలబడ్డాం. నడివాగులో ఆయన వంగి అడుగుపలకలు తడిమి, అరచెయ్యి మా వైపు ఎత్తి చూపించారు. తేమే గానీ నీళ్ళు లేవు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సాయంత్రం బేరగాడు వస్తే, "చేలో కలుపు తీయిస్తున్నానబ్బాయ్, అమ్మేది లేదు" అన్నారు మామగారు.

ఆ తర్వాత పడవ ఖర్చు ఏటా కాస్త గుగ్గిలం, వడ్రంగికి ఒక పూట కూలి. వాగు ఎండగానే పడవ కుంటలోకి, కాయలు కొట్టంలోకి చేరేవి.

పేర్లు రాస్తే వాళ్ళకి మొహమాటం. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం ఆయనకి, తన పని తగ్గుతుందని తెలిసీ పడవ లేపడానికి మోకులు తెచ్చిన వడ్రంగికి, గేదెల్ని మళ్ళించిన ఇరుగుపొరుగుకి, కోడలి మాట మీద పడవ ముంచిన మామగారికి నా నమస్కారాలు. మళ్ళీ క్వారీ మాట ఎత్తనందుకు మా ఆయనకి కూడా.